ప్రశ్నను మన చేతికే ఇచ్చిపోయిన మనిషి: జిడ్డు కృష్ణమూర్తి

సాయంత్రం ఏడు దాటితే మన టీవీ ఛానళ్ళలో చర్చలు మొదలవుతాయి. యుద్ధమైనా, ఎన్నికలైనా, సినిమా అయినా ఒకటే వరస. నలుగురు కూర్చుంటారు, నలుగురి దగ్గరా జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. అడిగేవాడికి కూడా ఏ జవాబు కావాలో ముందే తెలుసు. గంటసేపు విన్న తర్వాత ఎవరు ఎవరి నోరు మూయించినారన్న లెక్క తప్ప మనకు దక్కేదేమీ ఉండదు. ఇదే టెలివిజన్ కెమెరా ముందు ఒకప్పుడు మన మదనపల్లెలో పుట్టిన ఒక వృద్ధుడు కూర్చున్నాడు. పేరుమోసిన పండితులూ, శాస్త్రజ్ఞులూ ప్రశ్నలు వేస్తుంటే తయారు జవాబు ఇవ్వకుండా, ఆ ప్రశ్నను వాళ్ళతో కలిసే విప్పి చూసినాడు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. ఆయన కన్నుమూసింది 1986లో. ఈ సావనీరులో ఆయన జీవితాన్ని గురించి నాలుగు మాటలు రాయాలని నాకు అనిపించింది. ప్రశ్న అడగడం అంటే ఏమిటో ఆ ఇంటర్వ్యూల్లో కనబడినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనబడలేదు. సైన్సు చదివేవాళ్ళకూ, విద్యార్థి సంఘం నడిపేవాళ్ళకూ అది పనికొచ్చే విషయమేనని నా నమ్మకం.

కృష్ణమూర్తి 1895 మే నెలలో, అప్పటి మద్రాసు రాజధానిలో ఉన్న మదనపల్లెలో, ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాడు. ఎనిమిదో సంతానం గనక కృష్ణుడి పేరు పెట్టినారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. తల్లి సంజీవమ్మ. చిన్నతనంలోనే పిల్లవాణ్ణి మలేరియా పట్టుకుని చాలాకాలం పీడించింది. పదేళ్ళ వయసులో, 1905లో, తల్లి పోయింది. బళ్ళో పాఠం తలకెక్కేది కాదు. ఎటో చూస్తూ, చెట్లనూ పురుగులనూ గమనిస్తూ నిలబడిపోయే ఆ పిల్లవాణ్ణి మందమతి అనుకుని అయ్యవార్లు కొట్టేవాళ్ళు. తమ్ముడు నిత్యానంద మాత్రం చురుకైనవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్ళు కాదు.

నారాయణయ్య ఉద్యోగ విరమణ తర్వాత 1909లో పిల్లలతో మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరినాడు. ఆ ఏడాదే అడయారు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తిని లెడ్‌బీటర్ అనే సమాజ ప్రముఖుడు చూసినాడు. బక్కచిక్కి, మాసిన బట్టలతో ఉన్న ఆ పిల్లవాడిలో ఆయనకు ఏదో అసాధారణమైన తేజస్సు కనబడిందట. రాబోయే జగద్గురువుకు ఈ శరీరమే వాహనం కాబోతున్నదని ఆయన ప్రకటించినాడు. సమాజానికి అధ్యక్షురాలైన అనీబిసెంట్ దాన్ని నమ్మి, అన్నదమ్ములిద్దరినీ తన సంరక్షణలోకి తీసుకున్నది. 1911లో ఈ పిల్లవాణ్ణి శిరస్సుగా పెట్టి తూర్పు నక్షత్ర సంఘం అనే సంస్థను స్థాపించినారు. తర్వాత తండ్రి మనసు మారి, బిడ్డలను తనకు తిరిగి ఇప్పించమని కోర్టుకెక్కినాడు. మద్రాసులో ఆయన గెలిచినా, 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్ తీర్పు అనీబిసెంట్ పక్షాన వచ్చింది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లవాడు తన ప్రమేయం ఏమీ లేకుండా దేవుడైనాడు, దావాలో వివాదాస్పద ఆస్తి కూడా అయినాడు.

ఇంగ్లండులో ఆయన్ను పెద్దమనిషిగా తయారుచేసినారు. మంచి దుస్తులు, మంచి మర్యాదలు, ఇంగ్లీషు, ఫ్రెంచి అన్నీ అబ్బినాయి. పరీక్షలు మాత్రం అబ్బలేదు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ఎన్నిసార్లు రాసినా తప్పినాడు. సప్లిమెంటరీలు రాసే మిత్రులకు ఇది కాస్త ఊరట కలిగించే విషయమే! పుట్టు భాష తెలుగు కూడా ఆ కాలంలోనే మరిచిపోయినాడు. తెలుగువాడైన ఒక మహా వక్త తెలుగులో ఒక్క ప్రసంగమైనా చెయ్యలేకపోవడం మన దురదృష్టం. అయితే ఆయన ఇంగ్లీషు వినడానికి మనబోటి పల్లెటూరి వాళ్ళకు భయం అక్కర్లేదు. పారిభాషిక పదాలు వాడడు. భయం, కోరిక, కాలం, దుఃఖం లాంటి ఇంట్లో వాడే మాటలతోనే నిదానంగా మాట్లాడతాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు డిక్షనరీ తియ్యకుండా అర్థమైన ఇంగ్లీషు ఆయనదే.

ఆయన జీవితంలో మొదటి పెద్ద దెబ్బ 1925లో తగిలింది. తమ్ముడు నిత్యానంద క్షయవ్యాధితో కాలిఫోర్నియాలోని ఓహైలో ఉన్నాడు. సమాజంలోని పెద్దలు, అదృశ్య గురువులు అతన్ని కాపాడుతారని, అతని ప్రాణానికి ముప్పు లేదని భరోసా ఇచ్చినారు. ఆ మాట నమ్మి కృష్ణమూర్తి ఇండియాకు ఓడలో బయలుదేరినాడు. ఓడ ఇంకా దారిలో ఉండగానే తమ్ముడు నవంబరు 13న మరణించినట్లు తంతి వచ్చింది. చాలా రోజులు ఆయన విలవిలలాడిపోయినాడు. తనకు ఎవరో చెప్పగా నమ్మిన దానికీ, కళ్ళెదుట జరిగిన దానికీ మధ్య ఉన్న అగాధం ఆయనకు అప్పుడు కనబడి ఉండాలి. తర్వాతి నాలుగేళ్ళలో ఆయన మాట తీరు మారుతూ వచ్చింది.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, అనీబిసెంట్ సమక్షంలో, సుమారు మూడువేల మంది సభ్యుల ముందు ఆయన నక్షత్ర సంఘాన్ని రద్దు చేసినాడు. సత్యానికి ఎవరూ దారి వెయ్యలేరనీ, దానికి సంస్థ కట్టి మనుషులను నడిపించడం కుదరదనీ, తనకు శిష్యులు అక్కర్లేదనీ చెప్పేసినాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు. సంఘానికి వచ్చిన ఆస్తులన్నీ ఇచ్చినవాళ్ళకే తిరిగి పోయినాయి. అందులో హాలండులో ఒక ప్రభువు ఇచ్చిన కోట, దాని చుట్టూ సుమారు 5,000 ఎకరాల భూమి కూడా ఉన్నాయి. మాది వ్యవసాయ కుటుంబం. గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు మా కొడవలూరు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. అంత భూమిని, దానితో పాటు దైవత్వాన్ని కూడా, ఒక్క పూటలో వదిలేసినవాడి మనోబలం ఎంతటిదో భూమి సంగతి తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది.

ఆ తర్వాత యాభై ఆరేళ్ళకు పైగా ఆయన చేసిన పని ఒక్కటే, దేశాలు తిరుగుతూ మాట్లాడటం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు మాత్రం 1940 నుంచి 1944 దాకా బహిరంగ ప్రసంగాలు చెయ్యలేదు. యుద్ధాన్ని ఏ పేరుతోనూ సమర్థించనివాడికి ఆ రోజుల్లో అమెరికాలో వేదిక దొరకడం కష్టమే. ఆ నాలుగేళ్ళూ ఓహైలో ఆవును పెంచుకుంటూ, కూరగాయలు పండించుకుంటూ గడిపినాడు. జగద్గురువు కావలసినవాడు పాలు పిండుతున్న దృశ్యాన్ని తలచుకుంటే నాకు చాలా ఆత్మీయంగా ఉంటుంది. చదువు మీద ఆయనకు మొదటి నుంచీ పట్టింపు. మదనపల్లెకు దగ్గర్లో 1926లో ఆయన ఎంచిన లోయలోనే రిషీవ్యాలీ పాఠశాల వెలిసింది. 1969లో ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్ మొదలైంది. భయం లేకుండా, పక్కవాడితో పోల్చకుండా చదువు చెప్పడం సాధ్యమేనా అన్నది ఆ బడుల ముందు ఆయన పెట్టిన పరీక్ష. దెబ్బలు తిన్న పిల్లవాడు పెట్టవలసిన పరీక్షే అది.

ఇక టెలివిజన్ సంగతి. 1966లో ఓహైలో ఆయన ప్రసంగాలను అమెరికా విద్యా టెలివిజన్ కోసం చిత్రించినారు. 1968లో మతాల అధ్యయనంలో పేరుగాంచిన ప్రొఫెసర్ హ్యూస్టన్ స్మిత్ ఆయన్ను కెమెరా ముందు ఇంటర్వ్యూ చేసినాడు. 1974 ఫిబ్రవరిలో శాండియాగోలో ప్రొఫెసర్ ఆలన్ ఆండర్సన్‌తో ఒకటి కాదు, రెండు కాదు, 18 సంభాషణలు రికార్డయినాయి. ఒక్కొక్కటి సుమారు గంట. 1981లో బి.బి.సి. కోసం బెర్నార్డ్ లెవిన్ అనే ప్రసిద్ధ పత్రికా రచయిత ఆయనతో మాట్లాడినాడు. 1983లో పోలియో టీకా కనిపెట్టిన జోనాస్ సాల్క్, 1984లో నవలా రచయిత్రి ఐరిస్ మర్డోక్ ఆయన ఎదుట కూర్చున్నారు. ఆ టేపులన్నీ భద్రంగా ఉన్నాయి. ఈనాడు చాలావరకు యూట్యూబులో దొరుకుతాయి. కొడవలూరులో కాలవ గట్టు మీద కూర్చుని కూడా చూడవచ్చు.

ఆ ఇంటర్వ్యూల పద్ధతిని గమనించండి. మామూలుగా ఇంటర్వ్యూ అంటే ఒకరికి తెలియదు, ఇంకొకరికి తెలుసు. తెలియనివాడు అడుగుతాడు, తెలిసినవాడు చెబుతాడు. కృష్ణమూర్తి మొదట ఈ ఏర్పాటునే ఒప్పుకోడు. అడిగినవాడు వాడిన మాటనే పట్టుకుని, దానికి అర్థం ఏమనుకుంటున్నారో ముందు చూద్దామంటాడు. స్వేచ్ఛ గురించి అడిగితే, మనం దేనికి కట్టుబడి ఉన్నామో మొదట వెతుకుదామంటాడు. తొందరపడి తలూపితే ఆపుతాడు. తాను చెప్పినందువల్ల ఒప్పుకోవద్దంటాడు. ఎలా సాధించాలి, మార్గం ఏమిటి అన్న ప్రశ్న లెవిన్ వంటి గడుసువాడి నుంచి వచ్చినా సరే, మార్గం చూపడు. మార్గం అడగడంలోనే చూసే పనిని రేపటికి వాయిదా వేసే గుణం ఉందని ఆయన వాదం. నడుమ నడుమ ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా ఉండిపోతారు. ఈ కాలపు టీవీలో అయితే ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించి పారేస్తారు. నన్నడిగితే అసలు పని జరిగేది ఆ క్షణాల్లోనే.

ప్రపంచ రాజకీయాల గురించి ఆయన అభిప్రాయాలు ఎవరినీ సంతోషపెట్టేవి కావు. దేశభక్తిని ఆయన పాతకాలపు తెగల కొట్లాటకు కొత్త జెండా కట్టడంగానే చూసినాడు. బయట జరిగే యుద్ధం మన ఇంట్లో, మన మనసులో రోజూ జరిగేదానికి పెద్ద రూపమే అన్నాడు. ఐక్యరాజ్యసమితికి నలభై ఏళ్ళు నిండుతున్న 1985లో, ఏప్రిల్ 11న అక్కడే మాట్లాడుతూ, వేరువేరు దేశాలుగా విడిపోయి ఉండేదాకా సంస్థల వల్ల శాంతి రాదనే సారాంశాన్ని మొహమాటం లేకుండా చెప్పినాడు. అంతకు ముందు ఏడాది, 1984 మార్చిలో, అణుబాంబు రూపొందిన లాస్ అలమాస్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులే ఆయన్ను పిలిపించుకున్నారు. సైన్సులో సృజన అంటే ఏమిటన్నది వాళ్ళు ఇచ్చిన విషయం. జ్ఞానం ఎప్పటికీ అసంపూర్ణమేననీ, దాన్నుంచి కొత్త వస్తువులు పుట్టవచ్చు గానీ సృజన పుట్టదనీ ఆయన వాళ్ళ మొహం మీదే వాదించినాడు. ఫిజిక్సు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఈ మాట నన్ను చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. కేంద్రక విచ్ఛిత్తి సమీకరణం నేను పరీక్షలో తప్పు లేకుండా రాయగలను. దానితో ఏం చెయ్యకూడదో ఆ సమీకరణంలో ఎక్కడా లేదు.

సైన్సు విద్యార్థులకు డేవిడ్ బోమ్ పేరు తప్పక చెప్పాలి. క్వాంటం సిద్ధాంతం మీద 1951లో ప్రామాణిక గ్రంథం రాసిన భౌతిక శాస్త్రజ్ఞుడు ఆయన. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగిన రోజుల్లో తోటివాళ్ళ మీద సాక్ష్యం చెప్పడానికి నిరాకరించి, ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, బ్రెజిల్, ఇజ్రాయెల్ మీదుగా ఇంగ్లండు చేరినాడు. అక్కడ గ్రంథాలయంలో భార్య చూసిన ఒక పుస్తకం ద్వారా కృష్ణమూర్తి ఆయనకు పరిచయమైనాడు. చూసేవాడినీ చూడబడేదాన్నీ పూర్తిగా విడదీయలేమన్న చిక్కు క్వాంటం సిద్ధాంతంలో ఉంది. మనసు విషయంలో ఇలాంటి మాటే, ప్రయోగశాల మెట్టు ఎక్కని ఒక మనిషి చెబుతుంటే బోమ్ ఆశ్చర్యపోయినాడు. 1961లో మొదలైన వాళ్ళ సంభాషణలు రెండు దశాబ్దాలకు పైగా సాగినాయి. ఒకరు చెప్పిందాన్ని మరొకరు పరీక్షించడం, తప్పనిపిస్తే మళ్ళీ మొదటికి రావడం వాటిలో కనబడుతుంది. ల్యాబులో రీడింగు తేడా వచ్చినప్పుడు మనం చేసేదీ, చెయ్యవలసిందీ అదే గదా.

ఇంత చెప్పినాక, ఆయనతో నాకున్న పేచీ కూడా చెప్పాలి. మా కొడవలూరుకు దగ్గర్లోనే, విడవలూరు మండలంలో అలగానిపాడు ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన ఊరు అది. 1913లో కలిగిన రైతు ఇంట పుట్టి, పేరు చివర కులాన్ని తీసేసి, సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలకు సంఘం కట్టి, జీవితమంతా సంఘాలు కట్టడానికే ధారపోసినాడు. ఆయన పోయింది 1985 మేలో, కృష్ణమూర్తి పోవడానికి తొమ్మిది నెలల ముందు. ఆస్తిని వదులుకోవడంలో ఇద్దరూ ఇద్దరే. ఒకరు సంఘం లేకుండా న్యాయం రాదన్నారు. మరొకరు సంఘంతో సత్యం రాదన్నారు. పుట్టి ధాన్యానికి గిట్టుబాటు ధర రావాలన్నా, కాలవ చివరి మడికి నీళ్ళు అందాలన్నా రైతు ఒంటరిగా తనలోకి తాను చూసుకుంటే కుదరదు. నలుగురూ కలిసి అడగవలసిందే. ఈ విషయంలో మా నాయన అనుభవం కృష్ణమూర్తి బోధ కన్నా నాకు దగ్గరగా ఉంది.

అయితే సంఘంలోకి వచ్చినాక ఏమవుతుంది? నాయకుడు చెప్పిందే మాట అవుతుంది. ప్రశ్నించినవాడు ద్రోహి అవుతాడు. పేరు కోసం కొట్లాట మొదలవుతుంది. సంఘం కట్టేవాడు కూడా కృష్ణమూర్తిని ఎందుకు చూడాలో అక్కడ తెలుస్తుంది. ఆయన కూడా ఈ చిక్కుల నుంచి తప్పించుకున్నవాడేమీ కాడు. సంస్థలు వద్దన్నవాడి పేరు మీదే ఫౌండేషన్లు వచ్చినాయి. పాత సహచరుడు రాజగోపాల్‌తో ఆస్తుల గురించి వ్యాజ్యం నడిచి 1974లో రాజీ అయింది. ఆయన చనిపోయిన తర్వాత, 1991లో, రాజగోపాల్ కుమార్తె రాసిన పుస్తకం తన తల్లితో ఆయనకున్న రహస్య సంబంధాన్ని బయటపెట్టింది. ఆయన అభిమానులు చాలామందికి అది మింగుడుపడలేదు. నా దృష్టిలో మాత్రం, తనను గురువుగా పూజించవద్దని ఆయన చేసిన హెచ్చరికను అది ఇంకా గట్టిపరుస్తుంది.

1986 జనవరి మొదటి వారంలో మద్రాసులో ఆయన చివరి ప్రసంగం చేసినాడు. అప్పటికే జబ్బు లోపల ముదిరి ఉంది. దేశం విడిచి వెళ్ళే ముందు అడయారు సముద్రపు ఒడ్డున చివరిసారి నడిచినాడు. డెబ్భై ఏడేళ్ళ కిందట ఒక బక్కపిల్లవాణ్ణి చూసి లోకానికి దేవుణ్ణి చేసిన ఒడ్డే అది. మా రామతీర్థం దగ్గర ఒడ్డును తాకే సముద్రమే అక్కడా ఉంది. ఫిబ్రవరి 17న ఓహైలో, క్లోమగ్రంథి క్యాన్సరుతో, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసినాడు. వారసుణ్ణి ఎవరినీ ప్రకటించలేదు. తన తరఫున అర్థాలు చెప్పే అధికారం ఎవరికీ లేదని ముందే తేల్చి చెప్పినాడు. కాబట్టి ఇప్పుడు మనకు మిగిలినవి ఆ పుస్తకాలు, ఆ టేపులు. మధ్యవర్తి లేకుండా నేరుగా చూడవచ్చు, నచ్చకపోతే ఆపేయవచ్చు.

విద్యార్థి మిత్రులారా, మన సంఘం ఏటా వక్తృత్వ పోటీలు పెడుతుంది. చీటీ తీసి, అనుకూలమా ప్రతికూలమా అని ముందే పంచుకుని, అయిదు నిమిషాలు వాదించి కప్పు తీసుకుంటాం. అవి ఉండవలసిందే, వాటి సరదా వాటిది. వాటితో పాటు వచ్చే ఏడాది ఒక్క సాయంత్రం ఇంకోలా కూర్చుందామని నా మనవి. పది మందిమి చాలు. యుద్ధం గురించో, కులం గురించో, పరీక్షల భయం గురించో ఒక్క ప్రశ్న పెట్టుకుందాం. ఒక గంట. గెలుపు లేదు, కప్పు లేదు. ఎవరూ పుస్తకంలోని మాట గానీ, నాయకుడి మాట గానీ అప్పు తెచ్చుకోకూడదు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడకూడదు. అట్లా గంటసేపు నిలబడగలమో లేదో చూద్దాం. మదనపల్లె మనిషి తొంభై ఏళ్ళు వచ్చేదాకా ఊరూరా తిరిగి చేసింది ఇదే.